వల లాగిన జాతి

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినన్నాళ్లూ మా ముందుకొచ్చినవి ముర్రా గేదెలూ, ఒంగోలు ఎడ్లూను. కుక్క సంగతి ఎత్తారంటే అది ఎవర్నో కరిచిందనే అర్థం. ఇప్పుడు రిటైరై నందివెలుగులో కూర్చుంటే, మా అరుగు దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది చేతిలో గొలుసు, గొలుసు చివర లాబ్రడారు. కొడుకో కూతురో మోజుపడి కొని, అమెరికాకో బెంగళూరుకో పోతూ అమ్మానాన్నలకు అప్పగించినవే ఎక్కువ. ఫిర్యాదులు మాత్రం మూడే: ఎంత పెట్టినా చాలదండీ, కాలవ కనిపిస్తే ఆగదండీ, చెప్పు కనిపిస్తే నోట పట్టకుండా ఉండదండీ.

మూడింటికీ నా జవాబు ఒకటే: అది దాని కులవృత్తి.

పేరు లాబ్రడారే గాని పుట్టింది కెనడాలో ఆ పేరున్న ప్రాంతానికి పక్కనున్న న్యూఫౌండ్‌లాండ్ దీవిలో. ఇంగ్లీషువాళ్ల గ్లోబ్ ఓడ 1611లో బట్టల బేరానికి మన నిజాంపట్నం రేవుకు వచ్చింది. అంతకు ముందేడే వాళ్లలో మరికొందరు ఆ దీవిలో కాపురం పెట్టారు. అక్కడి బేరం కాడ్ చేపలది. జాలర్ల వెంట చేరిన రకరకాల కుక్కలు కలిసిపోయి సెయింట్ జాన్స్ కుక్క తయారైంది. పొట్టి నల్లబొచ్చు, ఛాతీ మీద తెల్లమచ్చ. గాలం నుంచి జారిన చేపను పట్టుకురావడం, వల తాడు అందుకుని పడవకు చేర్చడం దాని పని. మంచునీళ్లలో ఈదాలి గనక ఒంటిమీద రెండు పొరల బొచ్చు, వేళ్ల మధ్య తోలు, చుక్కానిలా తిరిగే లావాటి తోక.

ఆ పని నేను రేపల్లె వైపు ఒక చేపల చెరువు మీద కళ్లారా చూశాను. పట్టుబడి రోజు. వల బిగిస్తుంటే ఒక శీలావతి ఎగిరి గట్టున పడి, మళ్లీ నీళ్లవైపు కొట్టుకుపోతోంది. ఇంట్లో ఏసీ కింద పడుకునే లాబ్రడారు, ఎవరూ నేర్పలేదు, దూకి దాన్ని నడుముకు అడ్డంగా పట్టి తెచ్చి యజమాని కాళ్ల దగ్గర పెట్టింది. చేప ఇంకా మొప్పలాడిస్తోంది. ఎత్తి చూస్తే పొలుసు ఊడలేదు, పంటిగాటు లేదు. చెప్పు తెచ్చి మన ముందు పడేసేదీ ఆ విద్యే.

చేపల ఓడల్లో ఇంగ్లండులోని పూల్ రేవుకు దిగిన ఈ కుక్కల్ని 19వ శతాబ్దం మొదట్లో మామ్స్‌బరీ ప్రభువు కొన్నాడు. తుపాకీకి చిత్తడిలో పడిన బాతుల్ని తెప్పించుకోవడానికి. స్కాట్లండులో బక్లూ ప్రభువులదీ అదే మోజు. 1880ల్లో మామ్స్‌బరీ ఇంటినుంచి బక్లూ ఇంటికి నెడ్, ఏవన్ అనే రెండు కుక్కలు వెళ్లాయి. నేటి లాబ్రడార్లకు మూలపురుషులుగా చెప్పేది వాటినే. పుట్టినచోట మాత్రం గొర్రెల్ని కాపాడాలని కుక్కలపై ఆంక్షలు పెట్టారు. ఆ సెయింట్ జాన్స్ జాతి తగ్గిపోతూ 1980లతో అంతరించింది. 1899లో పుట్టిన బెన్ ఆఫ్ హైడ్, మావాళ్లు ఏరికోరి అడిగే పసుపురంగుకు పెద్దది. అంతవరకూ నలుపుకే గౌరవం. 1903లో ఇంగ్లండు కెన్నెల్ క్లబ్బు లాబ్రడారును జాతిగా ఒప్పుకుంది.

ముక్కు పనితనం తర్వాత పోలీసులకు ఉపయోగపడింది. 1993 పేలుళ్ల తర్వాత ముంబైలో మందుగుండు పసిగట్టిన జంజీర్ లాబ్రడారే. మొయినాబాద్‌లో శిక్షణ పొందే జాగిలాల్లోనూ ఈ జాతి ఉంది. ఆకలిగొన్న కుక్కకు బిస్కెట్ ముక్క ఆశచూపితే చాలు, ఏ పనైనా నేర్చుకుంటుంది.

ఆ ఆకలికీ కారణముంది. కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో తేల్చారు: లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతుకు పీవోఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించింది. అది లేనిదానికి తిండిమీద యావ ఎక్కువ, ఒళ్లూ ఎక్కువే.

అలాంటి పనిమంతుణ్ణి మనం పోర్టికోలో కట్టేసి, మూడుపూటలా పెరుగన్నం పెట్టి, వైశాఖపు ఎండలో రొప్పుతోందని గాభరాపడతాం. నా దగ్గరికొస్తే నేను చెప్పేది ఇంతే: తెల్లారకముందే నడిపించండి, కాలవలో నీళ్లున్నన్నాళ్లు ఒక బంతి విసిరి తెప్పించండి, గిన్నెలో అన్నం సగం చేయండి. "ఇంజక్షన్ ఏమీ లేదాండీ?" అని చిన్నబుచ్చుకుంటారు. సూది పడితేనే వైద్యమనుకోవడం గేదెల కాలం నుంచీ ఉన్నదే, కుక్కల కాలంలోనూ పోలేదు.