కాలిన ఇంటికి బేరగాడేడీ?

రాజమండ్రిలో ఇల్లు కాలితే చవగ్గా కొందామని వచ్చినవాడు ముందు గోడలు తట్టి చూస్తాడు. పెచ్చులూడిన చోట కాంక్రీటు గులాబీ రంగుకు తిరిగిందా, ఊచలు వంగాయా, స్లాబు ఆగుతుందా, బాగుచేసి అమ్మితే ఎంత మిగులుతుంది? ఇవీ అతని లెక్కలు. వంద కిలోమీటర్లలోపే ఉన్న ఏజెన్సీ ఊరు మారేడుమిల్లిలో వీటన్నిటికన్నా ముందు తేలాల్సింది ఒకటుంది: కొనేవాడు గిరిజనుడేనా? కాకపోతే గోడ తట్టే పనే లేదు.

ఈ కొండల్లో ఇంటికి ఒకప్పుడు పెద్ద ధర ఉండేది కాదు. ఇక్కడి గిరిజనులైన కొండరెడ్ల ఇల్లంటే వెదురు, మట్టి, గడ్డి. కాలిపోతే మళ్లీ అడవికి వెళ్లి తెచ్చుకునేవారు. ధర ఉన్నది భూమికి, చెట్టుకు, పంటకు. మైదానం నుంచి వచ్చిన షావుకారు చూపు వాటి మీదే. కష్టంలో ఇచ్చిన అప్పు కోర్టు డిక్రీగా మారి ఆస్తిని ఊడ్చుకుపోయేది. 1879 రంప తిరుగుబాటుకు కల్లు పన్ను, మన్సబుదారు దోపిడీలతో పాటు ఈ డిక్రీలూ కారణమే.

తెల్లదొరలకు ఆ పాఠం ఎక్కడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 1917లో మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు ఒక చట్టం తెచ్చింది. వడ్డీ సాలీనా 24 శాతం దాటకూడదు. కొండజాతివారి భూమి కొండజాతివారికే చెందాలి, ప్రభుత్వ ఏజెంటు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప. ఆ 'తప్ప' దగ్గరే కంత పడింది. 1959లో భూబదిలీ నిబంధనలు వచ్చాక కూడా భూములు జారిపోతూనే ఉన్నాయి.

1970 ఫిబ్రవరి 3న అమల్లోకి వచ్చిన సవరణ ఆ దారులు మూసింది. ఏజెన్సీలో అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది దీన్నే. అమ్మేవాడు ఎవరైనా సరే, కొనేది గిరిజనుడో, గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సంఘమో కావాలి. గిరిజనేతరుడి చేతిలో ఆస్తి ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది అతనే. గిరిజనేతరులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1988లో పి. రామిరెడ్డి కేసులో చట్టమే నిలిచింది.

తరాలుగా కొట్టు నడుపుకుంటున్న గిరిజనేతర కుటుంబానికి ఇది కఠినంగానే తోస్తుంది. ఇల్లు కాలి, చేతిలో డబ్బు లేక అమ్ముదామంటే గిరిజన కొనుగోలుదారు దొరకాలి; దొరక్కపోతే ప్రభుత్వమే తీసుకుని పరిహారం ఇమ్మని దరఖాస్తు పెట్టుకోవాలి. అయితే నిప్పంటుకున్నవాడి తొందరే కొనేవాడికి లాభం కదా, ఈ చట్టం పుట్టిందే అలాంటి తొందరల చరిత్రలోంచి.

ఇప్పుడు మారేడుమిల్లిలో బొంగు చికెన్ కోసం కార్లు బారులు తీరుతున్నాయి. కొనడం కుదరకపోతే లీజుకు తీసుకుందామనే ఆలోచనా రావచ్చు. లీజు, తాకట్టు, బహుమతి, మార్పిడి అన్నీ చట్టం దృష్టిలో బదిలీలే. ఇక మిగిలేది బినామీ దారి. గిరిజనుడి పేరున కాలిన ఇల్లు కొని, సొంత సొమ్ము పోసి కట్టించినవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. ఆ ఇల్లు రెండోసారి కాలితే పరిహారం అడగడానికి వెళ్లేది వేరొకరు.