తాళ్లపాక వారి బ్యాకప్

ఏటా మార్చి 31ని ప్రపంచ బ్యాకప్ దినంగా పాటిస్తున్నారు. 2011లో మొదలైన ఆనవాయితీ ఇది. దానికి కాస్త అటూ ఇటూగానే ఫాల్గుణ బహుళ ద్వాదశి, అంటే అన్నమాచార్యుల వర్ధంతి వస్తుంది. ఈ రెండింటినీ ఒకచోట తలుచుకోవడానికి బలమైన కారణమే ఉంది. రాసిపెట్టినదాన్ని కాపాడుకోవడానికి తెలుగు నేల మీద జరిగిన ప్రయత్నాల్లో ఆయన కుటుంబమైన తాళ్లపాక వారిది చాలా పెద్దది. పాత కంప్యూటర్‌కి హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేయిద్దామని చూస్తున్నవాళ్లు ముందు ఆ కథ వినాలని నా కోరిక.

తాళ్లపాక వారికి ముందు వందల ఏళ్లపాటు మనకున్నది తాటాకు. ఆకును పదును చేసి, గంటంతో గీసి, అక్షరాలు కనబడేలా మసి పూసేవారు. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొన్ని తరాలకు ఆకు పెళుసెక్కేది, లేదా పురుగు తినేసేది. ఆలోగా ఇంకో లేఖకుడు పూనుకుని మొత్తం కొత్త ఆకుల మీదికి ఎక్కించాలి. భారతమైనా వైద్యగ్రంథమైనా మన చేతిదాకా వచ్చిందంటే, ఆ పని ఎవరో ఒకరు మానకుండా చేసినందువల్లే. ఒక్క తరం ఏమరితే పుస్తకం పోయినట్టే.

అన్నమయ్య కుటుంబం ఈ ప్రమాదాన్ని గుర్తించింది. 1408లో పుట్టి 1503లో కన్నుమూసిన ఆయన 32 వేల సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. అంత సాహిత్యాన్ని తాటాకుకి అప్పగించి ఊరుకోలేదు ఆయన కొడుకు పెద తిరుమలాచార్యుడు. రాగిరేకుల మీద చెక్కించాడు. ఆ ఖర్చు ఊహించండి. రాగి కొనాలి, సాగగొట్టించాలి, తప్పుల్లేకుండా అక్షరం చెక్కే పనివాళ్లను కూర్చోబెట్టాలి. అదీ ఒకటీ రెండూ కాదు, రెండు వేలకు పైబడిన రేకులు. రాగికి చెదపట్టదు. తేమకు పచ్చబడుతుందేమో గానీ అక్షరం అంత తేలిగ్గా చెరగదు. కదిలే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీ మీద ఈనాడు మనం పెట్టుకున్న నమ్మకం లాంటిదే వాళ్లు రాగి మీద పెట్టుకున్నారు.

ఆ రేకుల్ని దాచిన చోటు తిరుమల ఆలయంలోనే ఉంది. హుండీకి ఎదురుగా చిన్న అర, సంకీర్తన భాండారం అంటారు. గుమ్మానికి రెండు పక్కలా రెండు శిల్పాలుంటాయి. అవి అన్నమయ్య, పెద తిరుమలయ్యలవని చెబుతారు. రోజూ వేలమంది దానికి కొన్ని అడుగుల దూరంలోంచే నడిచి వెళతారు. ఈసారి వెళితే ఒక్క క్షణం అటు చూడండి.

తర్వాత విజయనగర సామ్రాజ్యం పోయింది, ఆదరణ తగ్గింది. రేకులు అరలోనే ఉండిపోయాయి, తీసి చదివేవాళ్లే లేకపోయారు. అవి మళ్లీ వెలుగు చూసింది 1920లలో. సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు ఓపిగ్గా చదివి, పరిష్కరించి అచ్చుకెక్కించారు. ప్రతీతిలో ఉన్న లెక్కలో సగం కూడా దొరకలేదు. అయినా దొరికినంతా రాగి పుణ్యమే.

నన్ను బాధపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. ప్రతి సంకీర్తన పైనా రాగం పేరు చెక్కి ఉంది. స్వరాలు లేవు. ఆ రోజుల్లో వరస గొంతులోంచి గొంతులోకి పోయేది కాబట్టి దాన్ని చెక్కాలని ఎవరికీ తోచి ఉండదు. మధ్యలో ఆ పాడేవాళ్ల పరంపర తెగిపోయింది. కొండమలహరి వంటి రాగాలకైతే ఆ పేరు తప్ప మనకు దక్కింది దాదాపు శూన్యం. రాళ్లపల్లి వారు పూనుకుని చాలా కీర్తనలకు స్వరం కట్టారు. ఆ తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు అదే దారిలో నడిచారు. మనం వినే అన్నమయ్య పాటల్లో చాలావాటి వరస 20వ శతాబ్దంలో పుట్టిందే. మాట మిగిలింది, పాట పోయింది.

ఇక కంప్యూటర్ల కాలానికి వస్తే అంతా పరుగే. 1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్ డిస్క్‌లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. 1980లలో తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా ఫ్లాష్ మెమరీని కనిపెట్టాడు. 1991లో సన్‌డిస్క్ 20 మెగాబైట్ల ఎస్‌ఎస్‌డీని ఐబీఎంకు అమ్మింది. ఇవాళ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళితే ఏ పాత ల్యాప్‌టాప్‌కైనా ఎస్‌ఎస్‌డీ వేసిచ్చేవాళ్లు దొరుకుతారు. హార్డ్ డిస్క్ సెకనుకు వంద, నూటయాభై మెగాబైట్లు చదివితే మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ ఐదు వందలు దాటుతుంది. సిస్టం ఆన్ చేసి టీ పెట్టుకోవడానికి వెళ్లే అలవాటు పోతుంది. తప్పకుండా వేయించుకోండి.

కానీ హార్డ్ డిస్క్ చాలాసార్లు టకటకమని చప్పుడు చేసి, నెమ్మదించి మరీ పోతుంది. ఎస్‌ఎస్‌డీ నిన్న పనిచేసి ఇవాళ కనిపించకుండా పోవచ్చు. అందులో డిలీట్ చేసిన ఫైళ్ల జాగాను ట్రిమ్ అనే ఏర్పాటు వెంటనే ఖాళీ చేయించేస్తుంది కాబట్టి రికవరీ షాపుకి తీసుకెళ్లినా దక్కేది తక్కువ. చాలాకాలం కరెంటు తగలకుండా బీరువాలో పడేస్తే లోపలి చార్జ్ మెల్లగా కారిపోతుంది కూడా. అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం అందుకే: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటికి దూరంగా. గూగుల్ డ్రైవ్‌లో సింక్ అవుతోందని ధీమా పడేవాళ్లున్నారు. ఇక్కడ చెరిపితే సింక్ అక్కడా చెరిపేస్తుంది.

బ్యాకప్ ఏర్పాటు ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థ ఇంజనీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. బ్యాకప్‌కి ఐదు రకాల ఏర్పాట్లున్నాయి. తీరా చూస్తే అవేవీ సరిగ్గా పనిచేయడం లేదు. రోజూ తీయాల్సిన ప్రతి అసలు తయారే కావడం లేదు, అది విఫలమైందని చెప్పే ఈమెయిళ్లూ చేరలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన ప్రతి ఒకటి దొరికింది.

అందుకని ఎస్‌ఎస్‌డీ వేయించే ముందు పాత డిస్క్‌ని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ డ్రైవ్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి పెళ్లి ఫొటోలు రెండు, పొలం పత్రాల స్కాన్ ఒకటి తెరిచి చూడండి. ఫైల్ పేరు కనబడితే సరిపోదు, లోపలి అక్షరం చదవగలగాలి. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లుంటే వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్‌నీ, పాస్‌వర్డ్‌నీ కూడా జాగ్రత్త చేయండి. పాత డిస్క్‌లో ఉన్నదంతా కొత్త ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కాక (క్లోన్ అయ్యాక) పాత హార్డ్ డిస్క్‌ని వెంటనే ఫార్మాట్ చేయనివ్వకండి. ఒక నెల కొత్తదాంతో పనిచేసి, ఏమీ లోటు లేదని తేలాకే దాన్ని ఇంకో పనికి వాడుకోండి.