తుక్కునుండి లేచిన రెక్కలు

విమాన పరిశ్రమ యనగానే మనము నిర్మాణమునే తలంతుము. మరమ్మతును చిన్నచూపు చూతుము. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వముతో కలిసి బెంగుళూరున స్థాపించిన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ, నిర్మాణమునకై పుట్టినదే యైనను, యుద్ధము ముదిరిన పిదప అమెరికను సైన్యపు విమానములకు మరమ్మతుశాల యయ్యెను. ఆ చాకిరి వృథా కాలేదనుటకు కాన్పూరు కథయే మాకు చాలును.

అమెరికా ఎరవిచ్చిన లిబరేటరు బాంబరులను యుద్ధానంతరము బ్రిటిషువారు అచ్చట మరల ఎగురరాకుండ చెడగొట్టి విడిచిపోయిరి. స్వతంత్ర భారతమునకు దూరము పోగల బాంబరులు కావలసివచ్చెను. నాలుగేసి ఇంజనులుగల ఆ తుక్కును కంపెనీ పనివారు ఒక్క ప్రయాణమునకు చాలినంతమాత్రము సరిచేసిరి. పూర్తి మరమ్మతు బెంగుళూరుననే జరుగవలెను. కనుక పరీక్షా వైమానికుడు జంషెడ్ మున్షీ వానిని ఒక్కొక్కటిగా ఎగురవేసికొని అచ్చటికి చేర్చెను. ప్రాణములు అరచేత పెట్టుకొనుట యను మాట ఇచ్చట అలంకారము కాదు!

1948 నవంబరున మొదటి విమానములు మన వైమానిక దళమునకు చేరెను. ఇట్లు సిద్ధమైనవి మొత్తము 42. అవి 1968 వరకు కొలువు చేసెను. వానిలో నొకదానిని 1974లో భారతదేశము కానుకగా పంపెను. అది నేడు బ్రిటిషు వైమానిక దళపు మ్యూజియమున నున్నది.