గోడలో మొలిచే నాళాలు

నాగార్జునసాగర్ కుడికాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. 1967లో నీళ్లు వదిలిన కాలువ అది. నీళ్లు ఎంత లోతు పారుతున్నాయో గేజి చూసి ఎవరైనా చెప్తారు. కట్ట లోపల చెమ్మ ఎక్కడ దిగుతోందో చెప్పడమే కష్టం. గుండె నాళాల కథ చదివాక డాక్టర్లకూ ఇదే చిక్కు అనిపించింది.

1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ గుండె నాళంలోకి నేరుగా రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీశాడు. అప్పట్నుంచి అందరి కళ్లూ నాళంలో దారి ఎంతుందనే దాని మీదే. మా పేట నుంచి గుంటూరు వెళ్లి యాంజియోగ్రామ్ తీయించుకున్న ప్రతివాడూ "ఎంత పర్సెంటు బ్లాకు?" అనే అడుగుతాడు. నేనూ అంతే. సగం కూడా మూసుకుపోని చోటే గుండెపోటు రావడం మామూలేనని అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

నాళం గోడ సంగతి మాత్రం అంతకు చాలా ముందే బయటపడింది. జబ్బుపడ్డ నాళాల గోడల్లో కొత్త నాళాలున్నాయని జర్మనీలో కోస్టర్ 1876లోనే రాశాడు. అవి చిట్లి గోడలోనే రక్తం కారుతోందని, నాళంలో గడ్డ కట్టడానికి అదే మూలమని 1930లలో కెనడా పెథాలజిస్టు పేటర్సన్ వాదించాడు. ఆ మాట మరుగున పడింది. 1984లో హార్వర్డులో క్లిఫర్డ్ బార్గర్, చనిపోయినవాళ్ల గుండెల్లోకి సిలికోన్ ఎక్కించి చూశాడు. కొవ్వు పేరుకున్న చోట సన్నని నాళాలు గుబురుగా కనిపించాయి. బాగున్న చోట అలా లేవు.

నాళం గోడ లోపలి పొర పల్చగా ఉన్నంతకాలం పారే రక్తం నుంచే దానికి ఆక్సిజన్ అందుతుంది. కొవ్వు చేరి గోడ మందమైతే నడిమధ్యకు అందదు. అక్కడి కణాలు వి.ఇ.జి.ఎఫ్. అనే ప్రోటీన్ వదుల్తాయి. దాంతో బయటి పొరలోని నాళాలు కొమ్మలేసి లోపలికి చొచ్చుకొస్తాయి. అవి గట్టివి కావు, కారతాయి. ఎర్రకణాల పై పొరలో కొలెస్ట్రాల్ దండిగా ఉంటుంది. కారిన రక్తంతో అదీ గోడలోనే చేరుతుంది. రేణు విర్మాని బృందం 2003లో చూపించింది ఇదే.

1999లో బోస్టన్‌లో ఎలుకలకు కొత్త నాళాలు మొలవకుండా మందులిస్తే గోడలో కొవ్వు పెరగడం తగ్గింది. గుండెజబ్బున్న మనుషులకు అలాంటి మందు ఇంకా రాలేదు. క్యాన్సరుకు వాడేవి ఉన్నాయిగానీ, వాటితో కొందరికి గుండెపోటు ముప్పే పెరుగుతోంది.

ప్రస్తుతానికి ముఖ్యంగా కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలే దిక్కు. స్టెంటు తెరిచేది నాళం మూసుకుపోయిన ఆ ఒక్కచోటే. అది పడ్డాక ఒంట్లో బాగుందని మాచర్ల, గురజాల వైపు మా బంధువుల్లోనే కొందరు మాత్రలు మానేశారు. డాక్టరు చెప్పందే మానకండి.