అన్న కారుకు తమ్ముడి స్టీరింగ్

1948 అక్టోబరు చివరి వారం. లండన్‌లోని ఎర్ల్స్ కోర్టులో, యుద్ధం ముగిశాక జరిగిన మొదటి మోటారు ప్రదర్శన. జాగ్వార్ స్టాండు చుట్టూ కాలు పెట్టే చోటు లేదు. అక్కడున్నది ఎక్స్‌కే 120. పేరులో 120 అన్నది గంటకు ఎన్ని మైళ్లు పరిగెత్తగలదో చెప్పే అంకె, అంటే 193 కిలోమీటర్లు. అదే కప్పు కింద మరో మూల, దాని ధరలో మూడో వంతు కూడా లేని బొద్దు కారు ఒకటి, మోరిస్ మైనర్. గుంపంతా జాగ్వార్ దగ్గరే. అయితే రెండింటి స్టీరింగ్ రాడ్డూ కిందికి ఎక్కడిదాకా పోతోందో ఎవరైనా వంగి చూసి ఉంటే తమాషా తెలిసేది. అలెక్ ఇసిగోనిస్ గీసిన చౌక మైనర్‌లో రాక్ అండ్ పినియన్ ఉంది. రేసుగుర్రం లాంటి జాగ్వార్‌లో ఉన్నది పాత తరం స్టీరింగ్ బాక్స్.

పాత స్పోర్ట్స్ కార్ల మోజున్నవాళ్లు ఈనాటికీ సరిచేసుకుంటున్న తేడా అదే. ఎక్స్‌కే 120కో ట్రయంఫ్ టీఆర్3కో స్టీరింగ్ మార్పించడమంటే, ఆ కంపెనీయే ఆరేళ్ల తర్వాత తర్వాతి మోడలుకు చేసిన మార్పును ఈ కారుకు ఆలస్యంగా చేయించడం. తమ్ముడి చొక్కా అన్న తొడుక్కున్నట్టు. కొలత కుదిరితే బాగుంటుంది, భుజాల దగ్గర పట్టేస్తే చెయ్యెత్తలేడు.

బండిని మలుపు తిప్పడం మోటార్ల కంటే చాలా పాత తలనొప్పి. మన తేరు వీధి మలుపు తిరగాలంటే ఇప్పటికీ చక్రాల కింద చెక్క దిమ్మెలు తోయాల్సిందే, దాని ఇరుసు కదలదు. ఐరోపా నాలుగు చక్రాల గుర్రబ్బండిలో ముందు ఇరుసు మొత్తం నడిమి చీల మీద తిరిగేది, గట్టిగా తిప్పితే బండి ఒరిగేది. ఇరుసును అలాగే ఉంచి రెండు చక్రాలను విడివిడిగా తిప్పే పద్ధతిని కనిపెట్టింది మ్యూనిక్‌కు చెందిన బండ్ల తయారీదారు గెయార్గ్ లాంకెన్‌స్పెర్గర్. 1818లో లండన్‌లో దానికి పేటెంటు తీసుకున్నది ఆయన తరఫు మనిషి, అచ్చుబొమ్మల వ్యాపారి రుడాల్ఫ్ అకర్‌మన్. కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది. మెకానిక్కులు నేటికీ ‘అకర్‌మన్’ అనే అంటారు.

గుండ్రటి స్టీరింగ్ చక్రం ఇంకా తర్వాత వచ్చింది. కార్ల్ బెంజ్ 1886 నాటి మూడు చక్రాల బండికి చేతిపిడి ఒక్కటే ఉండేది. 1894లో పారిస్ నుంచి రువాన్‌కు జరిగిన పోటీలో ఆల్ఫ్రెడ్ వాషెరాన్ తన పనార్ కారుకు చక్రం బిగించుకుని దిగాడు. నాలుగేళ్లలో పనార్ కంపెనీ తన కార్లన్నిటికీ అదే పెట్టింది.

చక్రం వచ్చాక దాని కింద ఏం ఉండాలన్నదే అసలు ప్రశ్న. చాలాకాలం జవాబు ఒక్కటే: స్టీరింగ్ రాడ్డు చివర ఒక మర, దాన్ని వార్మ్ అంటారు. ఆ మర గాడిలో నడిచే ఒక పెగ్గో రోలరో. ఆ కదలిక ఒక చెయ్యిలాంటి లీవరుకు, అక్కడి నుంచి టై రాడ్లకు, చివరికి చక్రాలకు. 1940లో అమెరికాలో సాగినా వాళ్లు మరకూ నట్టుకూ మధ్య ఉక్కు గోళీలు దొర్లించి రాపిడి తగ్గించారు. ఎక్స్‌కే 120 మొదట్లో వాడిన బర్మన్ బాక్స్ ఈ గోళీల జాతిదే. టీఆర్2, టీఆర్3, పెద్ద ఆస్టిన్ హీలీలది పెగ్గు జాతి.

ఈ బాక్సులను ఊరికే తిట్టిపోయడం అన్యాయం. గుంతలో పడిన చక్రం దెబ్బను అవి చేతిదాకా రానివ్వవు, మర వాలులోనే చాలావరకు మింగేస్తాయి. రాళ్లు తేలిన రోడ్ల మీద, సన్నటి టైర్ల మీద గంటల తరబడి నడిపేవాడికి అది వరం. రాక్‌లో అలా కాదు. పళ్లు కోసిన ఉక్కు కడ్డీ అడ్డంగా ఉంటుంది, దాని మీద చిన్న పళ్ల చక్రం తిరుగుతుంది, కడ్డీ రెండు చివరలూ దాదాపు నేరుగా చక్రాలకే. రోడ్డు చెప్పేదంతా చేతికి తెలుస్తుంది, మంచీ చెడూ రెండూ. అందుకే స్పోర్ట్స్ కార్ల వాళ్లు మొదట్లో వెనకాడారు.

బాక్సుతో చిక్కు వయసు మీద పడ్డాక మొదలవుతుంది. ఏ కారైనా ఎక్కువ దూరం నడిచేది తిన్నగా. కాబట్టి మర అరిగేది కూడా సరిగ్గా నడిమి చోటే. అక్కడ ప్లే వస్తుంది, చక్రం అటూ ఇటూ ఆడించినా కారు ఉలకదు పలకదు. ఓనరు చేతికి స్పానర్ వస్తుంది, సర్దుబాటు స్క్రూ బిగిస్తాడు. నడిమి చోటు బాగవుతుంది. కానీ అరగని పక్క భాగాల్లో మర పట్టేస్తుంది, మలుపు తిరిగాక చక్రం వెనక్కి రాదు. ఇంకాస్త బిగిస్తే బాక్స్ పని సరి.

అసలు ప్లే ఎక్కడుందో తేల్చకుండా కొత్త రాక్ కొనడం తొందరపాటే. తెలిసిన మెకానిక్ ముందు జాకీ వేసి చక్రాన్ని గాల్లోకి లేపుతాడు. పైనా కిందా పట్టుకుని ఊపుతాడు. ‘టక్’ అంటే కింగ్ పిన్నో బేరింగో. తర్వాత కుడీ ఎడమా పట్టుకుని ఊపుతాడు. అప్పుడు ‘టక్’ అంటే టై రాడ్ చివరలు. ఆఖరున ఒకరిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా ఆడించమని, తాను కింద పడుకుని ఏ కీలు ముందు కదులుతోందో, ఏది ఆలస్యంగా కదులుతోందో చూస్తాడు. టీఆర్3లో బాక్స్ లీవరుకూ చక్రాలకూ మధ్య మూడు రాడ్లు, ఒక ఐడ్లర్ చెయ్యి, రబ్బరు బుష్‌లు ఉన్నాయి. అరవై డెబ్బై ఏళ్ల రబ్బరు ఏ రాక్‌నూ మంచిగా పనిచెయ్యనివ్వదు.

ఇక తమ్ముళ్ల కథ. 1951లో లె మాన్స్ గెలిచిన జాగ్వార్ సి-టైప్ కింద ఉన్నది రాక్ అండ్ పినియన్. 24 గంటల పోటీ గెలిచిన స్టీరింగ్ చేతికి దెబ్బలు తెస్తుందన్న వాదన ఇక ఎవరు వింటారు? 1954లో వచ్చిన ఎక్స్‌కే 140కి జాగ్వార్ రాక్ పెట్టింది. ఎంజీ స్పోర్ట్స్ కార్లు 1950 టీడీ నుంచే రాక్ దారి పట్టాయి. 1962 నాటి ఎంజీబీ ఒక చివర నుంచి రెండో చివరకు మూడు చుట్లకు కాస్త తక్కువే తిరిగేది. ట్రయంఫ్ 1961లో టీఆర్4తో మారింది. పెద్ద ఆస్టిన్ హీలీ మాత్రం 1967 చివర్లో 3000 మోడల్ ఆగిపోయేదాకా పెగ్గు బాక్సుతోనే గడిపింది.

ట్రయంఫ్ కుటుంబంలోకి రాక్ టీఆర్4 కంటే ముందే, 1959లో, చిన్న కారు హెరాల్డ్‌తో వచ్చింది. 25 అడుగుల వృత్తంలో తిరిగే కారని అప్పట్లో లండన్ టాక్సీతో పోల్చేవారు. లోటస్ ఎలాన్ కూడా ట్రయంఫ్ భాగాల పెట్టెలోంచే రాక్ తెచ్చుకుంది. ఆ హెరాల్డే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్‌గా తయారై తెలుగు ఊళ్లలో డాక్టర్లూ వకీళ్లూ నడిపిన కారు. మన అంబాసిడర్‌కూ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వారసత్వంగా రాక్ అండ్ పినియనే దక్కింది. ఆనాటి పద్మినిలో వార్మ్ గేరు. అంటే పెళ్లివారిని మోసిన అంబాసిడర్ స్టీరింగ్ విషయంలో టీఆర్3 కంటే ఒక మెట్టు పైనే ఉంది! బరువు మాట వేరు.

ఎక్స్‌కే 120కి 140 తరహా రాక్, టీఆర్3కి కొత్త బ్రాకెట్లతో రాక్, హీలీకి విడిగా తయారైన కిట్. మార్కెట్లో మూడూ దొరుకుతాయి. మొదటి రెండింటికి కంపెనీ చేసిన పని ముందే ఉంది. పెద్ద హీలీకి రాక్ వేసుకున్న తర్వాతి మోడలే పుట్టలేదు, అక్కడ తగువులు ఎక్కువ. టీఆర్3, హీలీలలో స్టీరింగ్ రాడ్డు లోపలి గొట్టం బాక్స్ ముందువైపుకు బయటపడుతుంది, హారన్, ఇండికేటర్ వైర్లు అందులోంచే. బాక్స్ తీస్తే ఆ దారి పోతుంది, కొత్త స్విచ్‌లు వెతుక్కోవాలి. రాక్ ఎత్తూ పొడవూ సస్పెన్షన్ చేతుల కీళ్లకు సరిపడకపోతే, చక్రం గుంతలో దిగి లేచినప్పుడల్లా కారు తనంతట తానే దిక్కు మార్చుకుంటుంది. దాన్ని బంప్ స్టీర్ అంటారు. ఎంత మంచి రాక్ అయినా తప్పు చోట బిగిస్తే పాత బాక్సే నయం అనిపిస్తుంది.

కానీ లాభం ఒకటి గట్టిది. పాత కార్లలో బాక్స్ నుంచి డ్రైవరు ఛాతీ దాకా ఒకటే తిన్నని ఉక్కు కడ్డీ. ముందు నుంచి గుద్దితే అది ఈటె. అమెరికా 1968 జనవరి 1 నుంచి ఇలాంటి ప్రమాదాల మీద ప్రమాణాలు విధించింది. రాక్ కిట్‌లో రాడ్డుకు కీళ్లు వస్తాయి, వంపు వస్తుంది, దెబ్బకు ముడుచుకునే వీలుంటుంది. పైగా ఎక్స్‌కే 120లలో అత్యధికం, టీఆర్3లలోనూ చాలావరకు ఎడమ స్టీరింగ్‌తో అమెరికాకు వెళ్లినవే. తిరిగి బ్రిటన్ చేరాక కుడివైపుకు మార్చాలంటే రాక్‌తో పని తేలిక.

చిన్న మార్పులూ స్టీరింగ్‌ను మార్చేస్తాయి, చాలామంది గమనించరు. నార్డీ తరహా చిన్న చెక్క చక్రం అందంగా ఉంటుంది. అయితే 17 అంగుళాల చక్రం తీసి 14 అంగుళాలది పెడితే చేతి బలం ఐదో వంతుకు పైగా ఎక్కువ కావాలి. పాత క్రాస్‌ప్లై టైర్ల చోట వెడల్పాటి రేడియల్స్ వేస్తే కారు ఆగి ఉన్నప్పుడు చక్రం తిప్పడం దంగల్ అవుతుంది. ఈ రెండూ చేసి, వేగమైన రాక్ కూడా కోరి, స్టీరింగ్ బరువుగా ఉందని ఫిర్యాదు చేసేవాళ్లు ప్రతి ఊరి పాత కార్ల క్లబ్బులోనూ కనిపిస్తారు.

అలాంటివాళ్ల కోసమే పవర్ స్టీరింగ్. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజనీరు 1926లోనే నూనె ఒత్తిడితో నడిచే స్టీరింగ్‌ను కారులో చూపించాడు. మార్కెట్లోకి వచ్చింది పాతికేళ్లకు, 1951 క్రైస్లర్ ఇంపీరియల్‌లో. కోర్వెట్ 1963లో దాన్ని ఐచ్ఛికంగా ఇచ్చింది. బయటి వాల్వు, సిలిండరు, గొట్టాలు, అన్నీ నూనె కార్చేవే. ఇప్పుడు కోర్వెట్ ఓనర్లు ఆ సామగ్రి అంతా పీకి, సాయం బాక్స్ లోపలే ఉండే బోర్జిసన్ బాక్స్ పెట్టుకుంటున్నారు. రాక్‌కు వెళ్లకుండా బాక్సులోనే బాగు చూసుకునే దారి అది, తక్కువ కోతతో కుదిరేది.

విద్యుత్ సాయం మళ్లీ చిన్న కారు నుంచే మొదలైంది, 1988 నాటి సుజుకి సెర్వోతో. రెండేళ్లకు హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ ఆటోమేటిక్ మోడల్‌కు చేరింది. ఈ రోజు జాగ్వార్ ఈ-టైప్ డాష్‌బోర్డు కింద చిన్న మోటారు దాచి, సాయం ఎంత కావాలో తిప్పుకునే చిన్న నాబ్ పెట్టే కిట్లు ఉన్నాయి. బ్రిటన్‌లో చేతిపని తెలిసినవాళ్లు పాత ఇనుప అంగళ్లలో వాక్సాల్ కోర్సా స్టీరింగ్ కాలమ్ వెతుక్కుంటారు. వేగం సంకేతం అందకపోయినా అది ఒక స్థాయిలో సాయం చేస్తూనే ఉంటుంది మరి. పార్కింగ్‌లో హాయి. దూరప్రయాణంలో మాత్రం చేతికీ రోడ్డుకూ మధ్య పలచటి దుప్పటి పరిచినట్టుంటుంది. ఈ-టైప్‌కు కింద రాక్ ముందునుంచే ఉంది కాబట్టి ఆ దుప్పటి మరీ తెలుస్తుంది.

పాత కార్ల అంతర్జాతీయ రేసుల్లో పాల్గొనాలంటే మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఐఏ కాగితాలు కావాలి, కారు అప్పటి కొలతలతోనే ఉండాలి. సంగ్రాహకుల వేలంలోనూ అసలు రూపానికే విలువ. అందుకని జాగ్రత్తపరులు చాసిస్ కోయకుండా బోల్టులతో బిగించే కిట్‌నే ఎంచుకుంటారు. తీసిన బాక్సును కడిగి, నూనె రాసి, గోనెపట్టాలో చుట్టి అటక మీద పెడతారు. కారు అమ్ముడుపోయిన రోజు కొత్త ఓనరు ముందు తాళాలు అడుగుతాడు, తర్వాత ఆ గోనెమూట.