కదలని జీవులు, కదిలిన వర్తకం: ముత్యం, పగడం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ముత్యం, పగడం ఏ జీవుల నుండి వస్తాయో వివరించగలుగుతారు.
• మోటుపల్లి శాసనంలోని సుంకాల పట్టికను చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

నవరత్నాలలో ఏడు భూమిలో దొరికే రాళ్లు. ముత్యం, పగడం మాత్రం సముద్ర జీవుల నుండి వస్తాయి. ఈ రెండు జీవులూ పిల్లదశలో నీటిలో తేలుతూ తిరుగుతాయి. తరువాత అనువైన చోట స్థిరపడతాయి. ముత్యపుచిప్ప సన్నని పోగులతో రాయిని పట్టుకొని, నీటిని వడకట్టి ఆహారం తీసుకుంటుంది. పగడం అనేక చిన్న జీవుల సమూహం. అవి కట్టుకున్న ఎర్రని సున్నపు గూడే మనం ధరించే పూస.

2. మోటుపల్లి శాసనం

నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయుల ముఖ్య రేవు. పూర్వపు రాజులు తుఫానుకు దెబ్బతిన్న ఓడల సరుకును స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం ఆ పద్ధతిని మాన్పి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకు హామీ ఇచ్చింది. సుంకం విధించిన సరుకులలో గంధం, కర్పూరం, పట్టుదారాలతో పాటు ముత్యాలు, పగడాలు కూడా ఉన్నాయి.

హిందూ మహాసముద్రంలో ముత్యాలకు పేరుపొందినవి మన్నారు, పర్షియన్ సింధుశాఖలు. ఎర్రపగడం ప్రధానంగా మధ్యధరా సముద్రానిది. రోమన్లు ముత్యాలను విలువైనవిగా చూసినట్లే భారతీయులు పగడాలను చూస్తారని క్రీ.శ. 1వ శతాబ్దంలో ప్లినీ రాశాడు. స్థిరపడిన చోటు వదలని ఈ జీవుల కోసం మనుషులు సముద్రాలు దాటారన్నమాట.

3. రాయా, మొక్కా, జీవా?

స్వాతి కార్తె చినుకు చిప్పలో పడి ముత్యమవుతుందని మన పెద్దలు చెప్పేవారు. నిజానికి పరాన్నజీవి వంటిదేదైనా లోపలికి చేరినప్పుడు చిప్ప దాని చుట్టూ పొరలు పేర్చడం వల్ల ముత్యం తయారవుతుంది. పగడాన్ని ఐరోపా పండితులు చాలాకాలం మొక్కగా భావించారు. అది జంతువుల నిర్మాణమని 1720లలో ఫ్రెంచి వైద్యుడు పేసొనెల్ చెప్పినా, అప్పటి శాస్త్రవేత్తలు వెంటనే అంగీకరించలేదు. కదలనిది జంతువు ఎలా అవుతుందన్న సందేహం అంత బలమైనది.

4. నిలకడ వల్ల కలిగిన నష్టం

చేపల గుంపు తావు మార్చగలదు. ముత్యపుచిప్ప అలా తప్పించుకోలేదు. అది పెరిగే తావు తెలిస్తే చాలు, మునిగి ఏరుకోవచ్చు. ప్రభుత్వం ఆ తావుపై హక్కు ప్రకటించవచ్చు. బ్రిటిష్ పాలనలో మన్నారు సింధుశాఖ ముత్యాల వేట ప్రభుత్వ గుత్తాధికారం. ముందుగా అధికారులు చిప్పలను పరీక్షించి, తగినన్ని ఉంటేనే వేట ప్రకటించేవారు. వేట లేని సంవత్సరాలు ఎన్నో.

ఈ వేట భారం మునకగాళ్లది. నడుముకో కాలికో బరువు కట్టుకొని, ఊపిరి బిగబట్టి అడుగుకు దిగేవారు. పడవలోని తోటివాడు తాడుతో పైకి లాగేవాడు. మోటుపల్లి శాసనంలో సరుకు పేరు ఉంది; దానిని తీసినవారి ప్రస్తావన లేదు.

5. పెంపకపు ముత్యం, హైదరాబాదు

1893లో జపానుకు చెందిన మికిమోతో చిప్పలో కృత్రిమంగా అర్ధముత్యాన్ని పెంచాడు. పెంపకపు ముత్యాలు మార్కెట్లోకి వచ్చాక, 1929 తరువాతి ఆర్థిక మాంద్యం కూడా తోడై, పర్షియన్ సింధుశాఖ ముత్యాల వేట కుప్పకూలింది. మునకగాళ్ల కుటుంబాలు జీవనాధారం కోల్పోయాయి. మన దేశంలో ముత్యాల పెంపకం 1973లో తూత్తుకుడిలో విజయవంతమైంది.

మెట్టుగూడ, తార్నాకల నుండి సముద్రం చాలా దూరం. అయినా నిజాంల ఆదరణ వల్ల హైదరాబాదు ముత్యాల నగరమైంది. పత్తర్‌గట్టిలో ఇప్పుడు అమ్మే ముత్యాలలో చాలాభాగం పెంపకపువే.

సారాంశం

సుంకాల పట్టిక రాజు ఆదాయాన్ని చెబుతుంది. దానిలోని ఒక్కొక్క సరుకు వెనుక ఒక జీవి, ఒక తావు, ఒక శ్రామికుడు ఉన్నారు. శాసనాలు చదివేటప్పుడు "ఇది ఎక్కడిది, ఎవరు తీశారు?" అని మీరు ప్రశ్నించుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అభయశాసనం వర్తకులకు ఏ హామీ ఇచ్చింది?
2. ముత్యపుచిప్ప ఒకేచోట ఉండడం ప్రభుత్వ గుత్తాధికారానికి ఎలా తోడ్పడింది?