కొలువులో కత్తి పట్టిన బొమ్మ

సామర్లకోట కుమారారామానికి ఆ పేరు రావడానికి కారణం ఒక బాలవీరుడు. తారకాసురుణ్ణి చంపిన కుమారస్వామి ఇక్కడ శివలింగాన్ని ప్రతిష్ఠించాడని స్థలపురాణం. గుడి కట్టించినవాడు తూర్పు చాళుక్య రాజు భీముడు. సంక్రాంతి వస్తే ఈ వైపు ఇళ్లలోకీ వీరులు దిగుతారు. వాళ్ల స్థానం బొమ్మల కొలువు మెట్ల మీద.

కొలువంటే రాజసభ. బేసి సంఖ్యలో మెట్లు కట్టి తెల్లబట్ట పరుస్తారు. పైమెట్టు దేవుళ్లది. దాని కింద రాజూ రాణీ, అంబారీ ఏనుగు, భటులు. ఇంకా కిందికి వస్తే పెళ్లివారు, అంగడి పెట్టుకున్న సెట్టిగారు, లక్కపిడతలు. తమిళనాట ఇది నవరాత్రుల వేడుక. గోదావరి సీమలో చాలా ఇళ్లలో మాత్రం సంక్రాంతిదే. భోగి సాయంత్రం పసివాళ్ల నెత్తిన రేగిపళ్లు, చిల్లర, పూలరేకులు పోసి, పేరంటాళ్లకు శనగలూ తాంబూలమూ ఇచ్చేదీ ఈ మెట్ల ముందే.

మట్టిబొమ్మలు మనకు కొత్త కావు. శాతవాహనుల నాటి కాల్చిన మట్టిబొమ్మలు తెలంగాణలోని కొండాపూర్ తవ్వకాల్లో బయటపడ్డాయి. తర్వాత కర్ర వచ్చి చేరింది. కొండపల్లి కళాకారులు తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కి, అంగాలను విడివిడిగా చేసి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. తమ పూర్వులు రాజస్థాన్ నుంచి వచ్చారని వాళ్లు చెప్పుకుంటారు. కొలువులోని అంబారీ ఏనుగు ఎక్కువగా వాళ్ల చేతిదే. ఏటికొప్పాకలో పద్ధతి వేరు. అక్కడ అంకుడు కర్రను తరిణి పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు అద్దుతారు. సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది.

జపాన్‌లో మన బొమ్మల కొలువు లాంటి వేడుక ఒకటి మే 5న మగపిల్లల కోసం జరిగేది. శిరస్త్రాణం, కవచం, కత్తి పట్టిన యోధుడి బొమ్మను ఇంట్లో నిలబెట్టి, ఆరోగ్యంగా పెరగమని బిడ్డను దీవిస్తారు. 1948లో ఆ రోజు బాలబాలికలందరి పండుగగా, జాతీయ సెలవుగా మారింది. ఫుకువోకా నగరంలోని హకాతా పనివాళ్లు మట్టిని కాల్చి, మెరుగు పూయకుండా రంగులద్ది ఈ యోధుల్ని చేస్తారు. ఆడపిల్లలకు మార్చి 3న వేరే కొలువుంది. అందులో చక్రవర్తి దంపతులు, పరివారం మెట్ల మీద కూర్చుంటారు. మన కొలువుకు అచ్చం చుట్టరికం!

తేడా ఒక్కటే. అక్కడి యోధుడు ఇంటి అబ్బాయి కోసం ప్రత్యేకంగా నిలబడతాడు. ఇక్కడి భటుడు సెట్టిగారికి ఓ మెట్టు పైన, పదిమందిలో ఒకడిగా ఉంటాడు. ఆ మెట్లను సర్దేది ఎక్కువగా ఇంటి ఆడపిల్లలే.

ఇప్పుడు ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ప్లాస్టిక్ బొమ్మలు చవగ్గా దొరుకుతున్నాయి. అయినా ఏటా ఒక్క కొత్త బొమ్మైనా కొలువులో చేరాలన్న పెద్దల ఆనవాయితీ మాత్రం నిలిచే ఉంది. వచ్చే భోగికి ఆ ఒక్కటి కొండపల్లి భటుడో, ఏటికొప్పాక లక్కపిడతో అయ్యేట్టు చూడండి.